ఆపేసిన మోటారులో చప్పుడు

మా వీధి పిల్లలు అతన్ని చెవిమామ అంటారు. చెవులు పెద్దవని కాదు, అందరికీ ఉన్నట్టే ఉంటాయి. ఎడమ చెవి అంచు మాత్రం కాయకాచి గట్టిపడింది. ఊరికి నీళ్ళెక్కించే పంపుహౌసులో అతను మెకానిక్. చెక్క పిడి ఉన్న స్క్రూడ్రైవరొకటి, నా మోచేతి పొడుగుది, అతని సంచిలో ఎప్పుడూ ఉంటుంది. తిరుగుతున్న మోటారు మీద దాని మొన ఆనించి, పిడిని ఎడమ చెవిలోకి నొక్కిపెట్టి, కళ్ళు మూసుకుంటాడు. లోపల ఏ బేరింగు అరిగిందో, ఎక్కడ గ్రీజు ఎండిందో ఆ ఇనుములోంచి నడిచొచ్చి అతని చెవికి చెబుతుందట. మా ఫ్రిజ్జుని అలాగే విని, "ఈ వేసవి దాటదక్కా" అన్నాడు. దాటలేదు. ఆ కోపంతో నేను అతనితో కొన్నాళ్ళు మాట్లాడలేదు కూడా.

మా మేడలో కింద వాటా మాది, పై వాటా చెవిమామ వాళ్ళది, మధ్య వాటాకి ఎప్పుడూ తాళమే. నన్ను అక్కా అంటాడు కాబట్టి బట్టలు కుట్టే అతని భార్యకి నేను వదినని, కూతురికి అత్తని. వరస కలిశాక తలుపు కొట్టి వెళ్ళే అలవాటు నాకు లేదు. వాళ్ళింట్లో ఏ డబ్బాలో ఏముందో వాళ్ళకన్నా నాకే బాగా తెలుసు. అందుకే ఆ భయం వాళ్ళింట్లోకి ఎలా వచ్చిందో, అక్కడినుంచి మెట్లు దిగి మా ఇంట్లోకి ఎలా వచ్చిందో పూసగుచ్చినట్టు చెప్పగలను.

పనిలో అతనికి ఒక పట్టింపు ఉంది. ఒక మోటారుని వినాలంటే చుట్టుపక్కల మోటార్లన్నీ ఆపించాల్సిందే. సూపర్వైజరు విసుక్కున్నా వినడు. "పక్కదాని రోగం దీనికి అంటగట్టకూడదక్కా" అంటాడు.

ఒకరోజు సాయంత్రం పని నుంచి వచ్చి పైకి వెళ్ళకుండా మా గడప మీద కూర్చున్నాడు. చేతులకి గ్రీజు కూడా కడుక్కోలేదు.

"అక్కా, ఆపేసిన మోటారు మోగుతుందా?"

"ఆపేశాక ఎందుకు మోగుతుంది? మోగితే ఆపేసినట్టెలా అవుతుంది?"

"అదేగా నేనూ అనుకున్నది."

మూడో పంపులో కొన్నాళ్ళుగా ఒక చప్పుడు వినిపిస్తోందట. ఉస్స్... ఉస్స్... అని, ఎవరో పళ్ళ సందునుంచి గాలి పీలుస్తున్నట్టు. బేరింగు మార్చాడు, పోలేదు. కొత్త బేరింగు తీసేసి ఇంకొకటి వేశాడు, పోలేదు. సూపర్వైజరు కేకలేశాడు. ఆ రోజు మళ్ళీ వింటూ ఉండగా కరెంటు పోయింది. పంపుహౌసులో మోటార్లన్నీ ఒకదాని వెనక ఒకటి నిట్టూర్చి ఆగిపోయాయి. చీమ నడిచినా వినపడేంత నిశ్శబ్దం. స్క్రూడ్రైవరు పిడి ఇంకా చెవిలోనే ఉంది.

"అది మాత్రం ఆగలేదక్కా."

లోపలి గదిలో పేపరు చదువుకుంటున్న మా ఆయన, "ఎలకేమో చూడవయ్యా" అన్నాడు.

"ఎలకేమో అనుకుని నేలకి ఆనించాను బావగారూ. నేలలో ఉంది. స్తంభంలో ఉంది. గేటులో ఉంది. వచ్చేటప్పుడు దారిలో ఆగి ఒక చెట్టుని విన్నాను, ఊరికే పడున్న రాయిని విన్నాను. రాయి బావగారూ! దానికి మోటారెక్కడిది?"

మా ఆయన పేపరు దించాడు. చెవిమామ ముఖం వైపు ఒకసారి చూసి మళ్ళీ ఎత్తేశాడు. భయమేసినప్పుడు ఆయన చేసే పని అదే.

"అక్కా, నీ ఇంట్లో ఆ చప్పుడు లేనిది ఒక్కటి చూపించు. ఒక్కటి చాలు. అది దొరికితే నేను ఇంటికెళ్ళి హాయిగా పడుకుంటాను."

అదెంత పని అనుకున్నాను. ఉప్పు సీసా తెచ్చాను. మొన ఆనించి, విని, ఉందన్నట్టు తలూపాడు. పెనం తెచ్చాను, తలూపాడు. దిండు, ఉల్లిపాయ, రొట్టె ముక్క, గ్లాసులో నీళ్ళు, మా ఆయన చెప్పు. అన్నిటికీ తలూపుతూనే ఉన్నాడు. మా ఆయన తన బట్టతల ముందుకు వంచి, "ఇందులో ఏమీ లేదని మీ అక్క ఎప్పుడూ అంటుంది, చూడు" అన్నాడు. చెవిమామ నవ్వలేదు. జాగ్రత్తగా తల మీద ఆనించి విన్నాడు.

"ఉంది బావగారూ."

"ఏదో ఒకటి ఉందన్నమాట" అన్నాడు మా ఆయన. గొంతులో మాత్రం తేడా వచ్చింది.

చివరికి ఒక కోడిగుడ్డు ఇచ్చాను. కుడిచేత్తో పట్టుకుని ఎంతో మెత్తగా మొన తాకించాడు. "ఇందులోనూ..." అంటూ ఉండగానే గుడ్డు జారి నేల మీద పడి పగిలింది. అతను పచ్చసొన వైపు చూడలేదు. తన చేతివైపు చూసుకుంటున్నాడు. చెయ్యి వణికిందిలే, భయపడ్డ మనిషి కదా అనుకుని నేను గుడ్డ తెచ్చి నేల తుడిచాను.

పోయేవాడిని పోనివ్వక, "ఏదీ, నన్నోసారి విననివ్వు" అన్నాను. నాకు ఆ బుద్ధి ఎక్కువ. ఎవరింటి ముందైనా బండి ఆగితే చేతిలో గరిటెతోనే వెళ్ళి చూసొచ్చే రకాన్ని. పిడి చెవిలో నొక్కుకుని వంటింటి గోడకి మొన ఆనించాను. మొదట ఏమీ లేదు. ఊపిరి బిగబట్టాను. అప్పుడు, చాలా దూరాన, బరువైన బండేదో రోడ్డు మీద పోతున్నట్టు ఒక గురగుర. పోతోంది, పోతోంది, దాటిపోవటం లేదు.

చప్పున పిడి చెవిలోంచి తీసేశాను.

"వినపడిందా?"

"ఏదో ఉంది తమ్ముడూ."

ఆ మాట అనకుండా ఉండాల్సిందేమో. కానీ ఉన్నదాన్ని లేదని ఎలా అంటాను? అతని ముఖంలో అప్పటిదాకా ఆశలాంటిదేదో కొంచెం మిగిలుంది. తను పొరబడ్డాడని నేను చెబుతాననుకున్నట్టున్నాడు. అది కాస్తా ఆరిపోయింది.

ఆ తర్వాత నాకు ఇంట్లో కాలు నిలవలేదు. అతనిది వేరే స్క్రూడ్రైవరొకటి అడిగి తెచ్చుకున్నాను. కూర కలిపేటప్పుడు గిన్నెని విన్నాను, మంచం కోడుని విన్నాను, కిటికీ ఊచని విన్నాను. అన్నిట్లో ఆ బండి పోతూనే ఉంది. నేను తుడిచి, కడిగి, సర్దుకున్న నా ఇల్లే నాకు పరాయి వాళ్ళ ఇల్లులాగ కనపడసాగింది. గ్లాసులు వాటి చోట్లో అవి ఉన్నాయి, కానీ నేను అటు తిరగ్గానే ఒకదానితో ఒకటి ఏదో చెప్పుకుంటున్నట్టే ఉండేది. మా ఆయన్ని, "మనిద్దరం ఉన్నచోట ఇంకెవరైనా ఉన్నట్టుందా మీకు?" అని అడిగాను. "నువ్వుండగా ఇంకొకరికి చోటెక్కడిది" అన్నాడు. అని, వెళ్ళి తలుపు గడియ సరిచూసుకొచ్చాడు.

ఒక మధ్యాహ్నం అతని భార్య మెట్లు దిగి నా దగ్గరికి వచ్చింది. మెడలో టేపు అలాగే వేలాడుతోంది.

"వదినా, మిషను తొక్కనివ్వటం లేదు. నేను కాలు ఆడించగానే చెయ్యెత్తుతాడు, ఆపమని. కుట్టాల్సిన బట్టలు కుప్పపడి ఉన్నాయి. అది కాదు నేను చెప్పొచ్చింది." టేపు కొస వేలికి చుట్టుకుంది. "ఇందాక పిల్ల అన్నం తిని నిద్రపోతోంది. దాని వీపు మీద స్క్రూడ్రైవరు పెట్టి వింటున్నాడు. నేను కేకెయ్యబోయి ఆయన ముఖం చూశాను. భయపడుతున్నాడు వదినా. కన్న కూతుర్ని చూసి భయపడుతున్నాడు."

"ఏమన్నాడు?"

"'దీన్లోకి కూడా వచ్చేసింది' అన్నాడు."

ఆ పిల్లకి ఎనిమిదేళ్ళు. నా ఒళ్ళోనే పెరిగింది.

మర్నాడు పొద్దున్న కుళాయి తిప్పితే గాలి దగ్గింది. ఇంకా తిప్పితే ఆ దగ్గూ ఆగిపోయింది. వీధిలోకి వచ్చి చూస్తే అందరూ బకెట్లు పట్టుకుని నిలబడ్డారు. ఊరు ఊరంతా నీళ్ళు లేవట. ఎండ ముదురుతుండగా పంపుహౌసు సూపర్వైజరు చెవిమామని స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాడు. చెవిమామ చొక్కా ముందువైపంతా నేల దుమ్ము.

"పెద్దమ్మగారూ, ఈయన మీకు తమ్ముడి వరస కదా, మీకే అప్పజెబుతున్నాను" అన్నాడు సూపర్వైజరు. "నేను వచ్చేసరికి పంపులన్నీ ఆపేసి, నేల మీద బోర్లా పడుకుని ఉన్నాడు. లేపితే 'ష్' అంటాడు! నా పంపుహౌసులో నన్నే 'ష్' అంటాడు! తల చూపించండి. బాగుందని డాక్టరు కాగితం రాసిచ్చేదాకా గేటు లోపలికి రానివ్వను."

సూపర్వైజరు మంచివాడే. స్కూటరు తిప్పుకుంటూ నా దగ్గరికి వంగి, "ఇంత చెవి ఉన్న మనిషి నాకు మళ్ళీ దొరకడు, ఎలాగైనా చూడండి" అని గొణిగి వెళ్ళిపోయాడు.

చెవిమామ మెట్ల మీద కూర్చున్నాడు. భార్య కింది మెట్టు మీద, నేను గోడకి ఆనుకుని.

"ఎందుకిలా చేశావయ్యా?"

"వినాలంటే చుట్టూ ఉన్నవన్నీ ఆపాలి కదక్కా. అన్నీ ఆపాను. లైట్లు ఆపాను, ఫ్యాను ఆపాను, గోడ గడియారంలో బ్యాటరీ తీశాను. అప్పుడు నేలకి ఆనించాను." చేతులు చూపిస్తూ చెప్పటం అతని అలవాటు. ఇప్పుడు ఎడమచెయ్యి ఒక్కటే కదులుతోంది. "ఎంత స్పష్టంగా ఉందనుకున్నావు! అప్పుడర్థమైంది. ఇన్నాళ్ళూ ప్రతిదాంట్లోనూ ఒక్కో చప్పుడు ఉందనుకున్నాను. కాదు. ఉన్నది ఒక్కటే. రాయి, చెట్టు, ఈ మేడ, నువ్వు, నేను, అన్నీ ఒకే షాఫ్టుకి బిగించి ఉన్నాయి. అది తిరుగుతుంటే మనం తిరుగుతున్నాం. ఎవరూ చూడని చోట, ఎక్కడో అడుగున."

ఆ మాట చెప్పేటప్పుడు అతని ముఖం ఒక్కక్షణం వెలిగింది. వెతికింది దొరికినవాడి ముఖం అది. నిజమేనేమో అనిపించింది నాకు.

"మరి మంచిదేగా" అన్నాను. "తిరగనీ."

"దాని బేరింగు పోతోందక్కా. మొదట్లో మెత్తగా ఉండేది. ఇప్పుడు కీచుమంటోంది. రోజురోజుకీ గట్టిపడుతోంది. నేను ఇరవై ఏళ్ళుగా వింటున్నాను, పోయే బేరింగు ఎలా అరుస్తుందో నాకు తెలీదా?"

"పోతే ఏమవుతుంది?"

"షాఫ్టు పట్టేస్తుంది. దానికి బిగించినవన్నీ ఒక్కసారే ఆగిపోతాయి." కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. "మొదలైంది కూడా. పొద్దున్న ఈ చెయ్యి కాసేపు నాది కాకుండా పోయింది. మళ్ళీ వచ్చిందిలే."

భార్య ఏడుస్తూ, "ఎక్కడికైనా పోదాం పదండి. మా అన్నయ్య దగ్గరికి పోదాం" అంది.

"అక్కడ వేరే షాఫ్టుందా?" అన్నాడు అతను, చాలా నెమ్మదిగా.

నేను ఎన్నో భయాలు చూశాను. ఇంటికి నిప్పంటుకుంటే బయటికి పరిగెత్తచ్చు, వరదొస్తే మేడెక్కచ్చు. పారిపోవటానికి చోటే లేని భయం మాత్రం అదే మొదటిసారి. ఆ మాట విన్నాక నేను లోపలికెళ్ళి ఏ పనీ లేకుండానే వంటింట్లో దీపం వేశాను, పట్టపగలు.

మర్నాటి నుంచి అతనికి వేరే పని లేదు. మెట్లెక్కడం, దిగడం, ప్రతి అంతస్తులో గోడని వినడం. పైకి పోయినకొద్దీ ఆ చప్పుడు వేగం ఎక్కువగా ఉందని కనిపెట్టాడు. ఈ మేడ పైనుంచే ఊడొస్తుందని, భార్యనీ పిల్లనీ మా వాటాలో ఉంచమని నన్ను బతిమాలాడు.

"ఉంచుతాను. ముందు ఆ వేగమేంటో నేను చూడాలి" అన్నాను.

"నువ్వు రెండంతస్తులు ఎక్కగలవా అక్కా?"

"నీ కూతుర్ని చంకనేసుకుని ఎక్కినదాన్ని. నడు."

ఎక్కాను గానీ, చివరి మెట్టు దగ్గరికొచ్చేసరికి పైప్రాణాలు పైనే పోయాయి. మెట్టు మీద కూలబడి గుండె మీద చెయ్యేసుకున్నాను. అతను గబగబా ఎక్కి గోడకి మొన ఆనించాడు.

"చూడక్కా ఎంత వేగమో!" అంటూ, తను వింటున్నది నాకు తెలియాలని ఎడమచేతి వేలితో గోడ మీద కొట్టడం మొదలుపెట్టాడు. టక్, టక్, టక్, టక్.

నా అరచేతి కింద నా గుండె కొట్టుకుంటోంది. దబ, దబ, దబ, దబ. అతని వేలికీ దీనికీ పందెం పెట్టినట్టుంది.

"అమ్మాయ్, కాసిని మంచినీళ్ళు తెచ్చిపెట్టవే!" అని లోపలికి కేకేశాను. నోరు ఊరికే ఉండదు కదా, ఈ మెట్లు కట్టినవాడికి మోకాళ్ళు లేవా అని, మధ్య వాటా వాళ్ళు ఆ తాళం తుప్పుపట్టేదాకా రారా అని తిట్టుకుంటూ కూర్చున్నాను. అలా మాట్లాడుతూ చూస్తే గోడ మీద వేలు నెమ్మదించింది. టక్... టక్... టక్...

నా గుండె కూడా.

"ఏమయ్యా, తగ్గిందే?"

"ఒక్కోసారి అంతేనక్కా. కాసేపు విన్నాక నెమ్మదిస్తుంది."

"కిందికి పోయి పరిగెత్తుకుంటూ రా."

"ఎందుకు?"

"అక్క చెప్పింది కాబట్టి!"

వెళ్ళాడు, వచ్చాడు. రొప్పుతూ మొన ఆనించాడు. వేలు పరుగెత్తింది. నా దగ్గర మెట్టు మీద కూర్చోబెట్టి, అక్కడే గోడకి ఆనించి వినమన్నాను. ఏవో కబుర్లు చెప్పాను. వేలు తగ్గింది. ఇంకోసారి పంపించాను. ఇంకోసారీ అంతే.

గోడ మీది అతని వేలిని పట్టుకుని ఆపాను.

"తమ్ముడూ, మొన్న పంపుహౌసులో ఏమేం ఆపావు?"

"చెప్పానుగా. అన్నీ."

"అక్కడ ఇంకా తిరుగుతూనే ఉన్నది ఏదీ లేదా?"

"లేదు."

"నిన్ను ఆపావా?"

అతను నావైపు చూశాడు. అతని చేతిలోని స్క్రూడ్రైవరుని నేనే తీసుకున్నాను. పిడి నా చెవిలో పెట్టుకుని, మొన అతని మెడ మీద, ఎడమ చెవి కింద ఆనించాను. కదలొద్దన్నాను.

సరిగ్గా అప్పుడే అతని భార్య నీళ్ళు పట్టుకుని బయటికి వచ్చింది. మొగుడి గొంతుకి స్క్రూడ్రైవరు పెట్టి కళ్ళు మూసుకుని ఉన్న నన్ను చూసింది.

"వదినా!"

గ్లాసు మెట్ల మీదుగా కిందిదాకా దొర్లింది. నేను ఎడమచెయ్యి ఎత్తి 'ష్' అన్నాను.

ఉంది. ఉస్స్... ఉస్స్... ఉస్స్... నా గోడలో విన్న దూరపు బండి కాదు ఇది. పక్కనే, చెవి పక్కనే, సన్నటి సందులోంచి నీళ్ళు ఒరుసుకుంటూ పోతున్నట్టు. స్క్రూడ్రైవరు పక్కన పడేసి చెవినే అతని మెడకి ఆనించాను. అప్పుడూ ఉంది.

మొదట నాకు ఏడుపొచ్చినంత సంతోషమేసింది. గోడలో లేదు, రాళ్ళలో లేదు, పిల్లలో లేదు, మేడ ఎక్కడికీ పోదు! ఆ సంతోషం ఊపిరి పీల్చుకునేంతసేపు కూడా నిలవలేదు. మరి ఆ అరుస్తున్న బేరింగు ఎవరిది? పగిలిన గుడ్డు గుర్తొచ్చింది. ఒళ్ళో ఎత్తిపెట్టుకున్న చెయ్యి గుర్తొచ్చింది.

అతని భార్య వచ్చి, నన్ను జరిపి, తనూ అక్కడ చెవి పెట్టింది. కాసేపటికి తలెత్తింది. ముఖం తెల్లగా పాలిపోయింది.

"పెళ్ళయిన కొత్తలో ఇది లేదు వదినా" అంది.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చిన్నపిల్ల. మేం చెప్పిందంతా నవ్వు ఆపుకుంటూ విని, స్టెతస్కోపు అతని మెడ మీద పెట్టింది. నవ్వు ఆగిపోయింది. చెయ్యి గురించి అడిగింది. ఎప్పుడెప్పుడు, ఎంతసేపు అని అడిగింది. తెరల మీద ఏవేవో చూసి వచ్చి, "ఇంటికి వెళ్ళొద్దు, ఇక్కడే ఉండాలి" అంది. తలకి నెత్తురు తీసుకెళ్ళే గొట్టం ఎడమవైపు పూడుకుపోతోందట. మిగిలిన సన్నటి దారిలోంచి నెత్తురు దూసుకుపోతూ చేసే చప్పుడట అది. పిడితో చెవి మూసినప్పుడల్లా లోపలిది గట్టిగా వినపడుతుందట. ఆ దారీ మూసుకుపోతే కుడిపక్కంతా పడిపోవచ్చు, మాట పోవచ్చు, మనిషే పోవచ్చు. రేపే ఆపరేషను అంది.

"లైను పూడింది" అన్నాడు చెవిమామ భార్యతో, ఆమెకి అర్థమయ్యేలా చెబుతున్నట్టు. ఆమె అతని కుడిచెయ్యి పట్టుకుని వదల్లేదు.

మర్నాడు పొద్దున్న అతన్ని లోపలికి తీసుకెళ్ళే ముందు నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"అక్కా, ఇది నాలోదేనని ఒప్పుకుంటాను. డాక్టరమ్మ చెప్పింది, నువ్వు విన్నావు. కానీ ఇన్నాళ్ళు దాన్ని రాళ్ళలో విన్నాను, చెట్లలో విన్నాను, నా బిడ్డలో విన్నాను. ఇప్పుడు దీన్ని ఆపేస్తే వాటికేమీ కాదుగా?"

నవ్వాల్సిన మాటే. నాకు నవ్వు రాలేదు.

"వాటి సంగతి నేను చూసుకుంటాను. నువ్వు పో."

తలుపులు మూసుకున్నాయి. అతని భార్య బెంచీ మీద పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మా ఆయన పేపరు తలకిందులుగా పట్టుకుని చదువుతున్నాడు. నేను సంచిలోంచి స్క్రూడ్రైవరు తీసి, వరండా గోడకి ఆనించి, పిడి చెవిలో పెట్టుకున్నాను. దూరపు బండి పోతోంది. అది నాదేనని నాకిప్పుడు తెలుసు. అయినా చెవి తియ్యబుద్ధి కాలేదు. నేను వింటున్నంతసేపూ ఆగదని, నేను చెవి తీస్తే లోపల ఏదో ఆగిపోతుందని ఒక పిచ్చి పట్టుకుంది. పోయేవాళ్ళు, వచ్చేవాళ్ళు చూస్తున్నారు. ఒక ఆయా వచ్చి, "ఏం పెద్దమ్మా, గోడకి జ్వరమా?" అంది. మామూలప్పుడైతే దానికి నేను నాలుగు అంటించేదాన్ని. అప్పుడు చేత్తో పొమ్మన్నాను, అంతే. మెడ పట్టేసింది. చెయ్యి తిమ్మిరెక్కింది. తలుపులు తెరుచుకునేదాకా అలాగే ఉన్నాను.

బతికాడు.

మెలకువ వచ్చాక అతను చేసిన మొదటి పని, ఎడమచేతి వేలితో చెవి మూసుకోవటం. అలా మూసుకుని పైకప్పుని చూస్తూ ఉండిపోయాడు.

"ఏమీ లేదక్కా. అంతా ఆగిపోయింది."

"ఏదీ ఆగలేదయ్యా. నేను మాట్లాడుతూనే ఉన్నాగా. నేనాగితే అప్పుడు భయపడు."

భార్య నవ్వింది. అతనూ నవ్వబోయాడు గానీ కుట్లు లాగాయి. తర్వాత మంచం పట్టీని వేలితో తడుముతూ, "అన్నీ ఒకటే అనుకున్నాను" అన్నాడు. "ఎంత భయమేసినా, అన్నీ ఒకటేగా అనిపించేది. ఇప్పుడు మంచం మంచమే, గోడ గోడే. నేను నేనే." ఏదో పోగొట్టుకున్నవాడిలా ఉంది ఆ గొంతు. ప్రాణం దక్కినవాడి గొంతులా లేదు.

డాక్టరమ్మని బయట పట్టుకున్నాను.

"అమ్మా, అతను విన్నది ఆ నెత్తురు గొట్టాన్ని. మరి నేను విన్నదేంటి?"

"చెవి గట్టిగా మూసుకుంటే మన చప్పుడు మనకి వినపడుతుంది పెద్దమ్మా. కండరాలది, నెత్తురుది. రోగం కాదు."

"అందరికీ ఉంటుందా?"

"బతికున్న వాళ్ళందరికీ."

"గోడకి?"

"గోడకి నెత్తురు లేదుగా!"

"మీరు విన్నారా?"

ఆమె నవ్వి, నా భుజం తట్టి వెళ్ళిపోయింది. వినలేదన్నమాట.

చెవిమామ మళ్ళీ పంపుహౌసుకి వెళుతున్నాడు. సూపర్వైజరే వచ్చి స్కూటరు మీద తీసుకెళ్ళాడు. ఒక్కటే మారింది. ఇప్పుడు ఏ మోటారునీ తనొక్కడే విని తేల్చడు. తను విన్నాక పక్కనున్న మనిషిని, ఎవరైనా సరే, పిలిచి చెవి పెట్టమంటాడు. సూపర్వైజరు కూడా రోజూ వంగి వినాల్సిందే. అతని చెవికీ కాయ కాస్తుందేమో చూడాలి.

మొన్న సాయంత్రం కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. చేతిలో స్క్రూడ్రైవరు ఉంది. నిద్రలో పిల్ల వీపుని విన్న ఆ రోజు తర్వాత దాన్ని పిల్ల దగ్గరికి రానివ్వలేదు అతను.

"అక్కా, ఈ పిల్లని ఒకసారి విను. నాకు ధైర్యం చాలటం లేదు."

పిల్ల కితకితలకి మెలికలు తిరుగుతోంది. దాని వీపు మీద మొన ఆనించి పిడి చెవిలో పెట్టుకున్నాను. బండి పోతోంది, దూరాన. ఆ గురగుర కింద ఇంకొకటి, చిన్నది, తొందర తొందరగా. కాసేపటికి ఏది ఏదో తెలియలేదు.

"ఎలా ఉంది?" గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు అతను. వేళ్ళు గుమ్మంలోకి దిగిపోయేలా ఉన్నాయి.

"నాదేదో దానిదేదో విడదీయలేకపోతున్నానయ్యా. కానీ కీచుమనటం లేదు."

అతను ఊపిరి వదిలాడు. పిల్ల నా చేతిలోంచి స్క్రూడ్రైవరు లాక్కుంది.

"అత్తా, ఇప్పుడు నీది!"

మొన నా గుండె మీద ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని, అచ్చం వాళ్ళ నాన్నలాగే కళ్ళు మూసుకుంది. నవ్వుతున్న ముఖం మెల్లగా ఆగింది. కనుబొమలు దగ్గరికొచ్చాయి. ఇంకొంచెం గట్టిగా నొక్కింది. మెట్లెక్కి దిగిన నా మోకాళ్ళు, రొప్పే నా గుండె, నేను ఎప్పుడూ ఎవరికీ చూపించని నా లోపలంతా ఆ పిల్ల చెవిలో ఉంది.

"ఏం వినపడుతోందే?" అన్నాను.

అది కళ్ళు తెరవకుండానే వేలెత్తి, నన్ను మాట్లాడొద్దంది.